బోరు ప్యానెల్‌లో నీలం బిళ్ల మాటిమాటికీ పోతుంటే

అనంతపురం పల్లెల్లో బోరు మోటారు ప్యానెల్ తెరిస్తే, ఎలక్ట్రానిక్ కార్డు మీద ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య తరచూ ఒక నీలం బిళ్ల కనిపిస్తుంది. అదే వేరిస్టర్: వోల్టేజి హద్దు మీరితే ఆ కరెంటును తనలోంచి పోనిచ్చి కార్డును కాపాడేది. పూత కింద ఉన్నది జింకు ఆక్సైడు పింగాణీ. అది పోయినప్పుడల్లా కొత్తది అతికించి మూత వేసేయకండి. పోయిన తీరులోనే కారణం ఉంటుంది.

సమస్య: నల్లగా మాడింది, పూత ఉబ్బింది

నెపం పిడుగు మీదికి పోతుంది. కానీ పిడుగు వల్ల వచ్చే సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజి, మైక్రోసెకన్లలో ముగుస్తుంది. ఇంతగా మాడిందంటే ఎక్కువ వోల్టేజి చాలాసేపు నిలిచిందని అనుమానించాలి. న్యూట్రల్ తెగితే 230 వోల్టులు ఉండాల్సిన చోట 400 దాకా రావచ్చు. ముందు లైన్‌మన్‌ను పిలిచి న్యూట్రల్ జాయింట్లు చూపించండి. తర్వాత బిళ్లకు వరుసలో థర్మల్ ఫ్యూజు (వేడెక్కితే తెగేది), ప్యానెల్‌కు ఓవర్ వోల్టేజి రిలే (వోల్టేజి పెరిగితే సరఫరా ఆపేది) పెట్టించండి. ఇవేమీ చేయకుండా ఎక్కువ వోల్టేజి బిళ్ల వేస్తే బిళ్ల మిగులుతుంది, కార్డు పోతుంది.

సమస్య: సూదిబెజ్జమంత రంధ్రం, లేదా పగులు

ఇది పింగాణీ శక్తికి మించిన సర్జ్. జింకు ఆక్సైడు రేణువులు కలిసే ఒక్కో సరిహద్దు సుమారు 3 వోల్టులు ఆపుతుంది. 471 అని రాసి ఉన్న బిళ్ల 470 వోల్టులది (47 పక్కన ఒక సున్నా అని అర్థం), అంటే దాని మందంలో దాదాపు 150 సరిహద్దులు. మందం వోల్టేజిని నిర్ణయిస్తే, వెడల్పు తట్టుకునే కరెంటును నిర్ణయిస్తుంది. కాబట్టి అదే 471లో 14 మిల్లీమీటర్లది తీసి 20ది వేయండి. రేణువులు ఎగుడుదిగుడుగా పెరిగిన నాసిరకం బిళ్లలో కరెంటంతా ఒకేచోటికి చేరి రంధ్రం పడుతుంది. తయారీలో యాంటిమొని ఆక్సైడు కలిపేది ఆ పెరుగుదలను అదుపు చేయడానికే. బిళ్ల కొనేటప్పుడు నాలుగు రూపాయలు ఎక్కువైనా వెనకాడకండి.

సమస్య: చూడటానికి బాగానే ఉంది, కానీ వేడెక్కుతోంది

నాకు అన్నిటికంటే భయం దీనితోనే. సర్జ్‌లు తగిలి తగిలి రేణువుల సరిహద్దులు బలహీనపడతాయి, కరెంటు కారుతుంది, ఆ వేడికి ఇంకా కారుతుంది, చివరికి నిప్పు. బట్టీలో కాల్చి చేసిన బిళ్లను తయారీదారులు మళ్లీ సుమారు 600 డిగ్రీల దగ్గర వేడిచేసేది ఈ సరిహద్దులు నిలకడగా ఉండటానికే. మామూలు మల్టీమీటరుతో ఈ లోపం దొరకదు. బిళ్లను కార్డు నుంచి విప్పి, 1 మిల్లీఆంపియర్ డీసీ పంపి వోల్టేజి కొలిపించండి. 471 బిళ్లలో అది 423 కంటే తగ్గితే పారేయండి.

సమస్య: బిళ్ల క్షేమం, కార్డు కాలింది

బిళ్ల కాళ్లు పొడుగ్గా ఉన్నాయేమో చూడండి. మైక్రోసెకనుకు 1000 ఆంపియర్ల వేగంతో కరెంటు పెరిగితే ఒక మీటరు పొడవు తీగ మీదే దాదాపు 1000 వోల్టులు పడతాయి. కాళ్లు కత్తిరించి కార్డుకు ఆనించి అతికించండి. ఎర్తుకు కలిపిన బిళ్లలుంటే ఎర్తు గుంత కూడా చూడాలి. ఎండాకాలంలో మన నేల ఎండి ఎర్తు పనిచేయదు. ఏప్రిల్, మే ఉరుముల వానలకు ముందే గుంతలో నీళ్లు పోయడం మొదలుపెట్టండి.