టోకెన్ కొంటే ఎన్‌ఎఫ్‌టీ లక్కీ డ్రా: డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

క్రిప్టో మార్కెట్ పైకి లేచిన ప్రతిసారీ టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం ప్రకటన తిరుగుతుంది. మా టోకెన్ (ఆ ప్రాజెక్టువాళ్లే విడుదల చేసిన క్రిప్టో నాణెం) ఇన్ని డాలర్లకు కొంటే ఒక టికెట్ ఇస్తాం, టికెట్లు ఎక్కువుంటే అరుదైన ఎన్‌ఎఫ్‌టీ (బ్లాక్‌చెయిన్ అనే బహిరంగ చిట్టాలో ఎవరిదో నమోదైన డిజిటల్ బొమ్మ) తగిలే అవకాశం ఎక్కువ, డ్రా అయ్యేదాకా టోకెన్ అమ్మకూడదు. పండగ దగ్గర పడితే దీనికే దీపావళి ఆఫర్ అని పేరు పెడతారు. డ్రాలో పేరు రాకపోవడం వల్ల పోయేది చాలా తక్కువ. కొనేటప్పుడు కొంత పోతుంది, అమ్మలేక ఇంకొంత పోతుంది, బహుమతి క్లెయిమ్ చేసుకోబోయి వాలెట్ (క్రిప్టో దాచుకునే యాప్) మొత్తం ఖాళీ అయినవాళ్లూ ఉన్నారు. అందుకే జాగ్రత్తలు కూడా ఆ మూడు చోట్లే ఎక్కువగా కావాలి.

మన ఊళ్లలో నెలనెలా కట్టే లక్కీ డ్రా స్కీముల్లో పేరు రాకపోయినా ఆఖర్న ఓ బీరువానో మిక్సీనో చేతికొస్తుంది. ఇక్కడ ఆఖర్న మిగిలేది ఆ టోకెనే. కాబట్టి ఎన్‌ఎఫ్‌టీ బొమ్మల సంగతి పక్కనబెట్టి ముందు టోకెన్‌ని చూడండి. ఇలాంటి చాలా టోకెన్లలో కొన్నా అమ్మినా కొంత శాతం కోత పడేలా కాంట్రాక్ట్‌లోనే, అంటే టోకెన్‌ను నడిపే కోడ్‌లోనే రాసి ఉంటుంది. ఆ కోత పదేసి శాతం అనుకుందాం. పదివేలు పెడితే చేతికొచ్చేది 9,000 విలువ. మర్నాడే అమ్మినా 8,100. ధర పైసా కదలకుండానే 1,900 పోయాయి. ఉచితమన్న టికెట్ అసలు ధర అదన్నమాట.

తర్వాత చూడాల్సింది అమ్మగలమా లేదా అని. 2021 నవంబర్‌లో స్క్విడ్ అనే టోకెన్ 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లోనే దాదాపు సున్నాకి పడిపోయింది. అంతకుముందే కొన్నవాళ్లు అమ్మబోతే కుదరలేదు. ధర ఎక్కుతున్నట్టు కనిపించడానికి అదీ ఒక కారణం, అమ్మకాలే లేనప్పుడు గ్రాఫ్ పైకి తప్ప ఎటు పోతుంది? బ్లాక్‌చెయిన్ లావాదేవీలు ఎవరైనా చూడగలిగే ఈథర్‌స్కాన్, బీఎస్‌సీస్కాన్ లాంటి సైట్లలో ఆ టోకెన్ లావాదేవీల పేజీ తెరవండి. వేర్వేరు వాలెట్ల నుంచి అమ్మకాలు మామూలుగా జరుగుతున్నాయా చూడండి. అమ్మినవి ఒకటి రెండు వాలెట్లేనైతే అక్కడితో ఆపేయండి. బాగానే ఉందనిపిస్తే ముందు చిన్న మొత్తానికి కొని, వెంటనే సగం అమ్మి చూడండి. కోత శాతాన్ని తర్వాత మార్చే అధికారం కాంట్రాక్ట్ యజమాని దగ్గరే ఉందా, లిక్విడిటీ (టోకెన్ అమ్మేవాళ్లకు డబ్బు వచ్చే ఉమ్మడి నిధి) ఎన్నాళ్లు లాక్ అయింది అన్నవి కూడా అడగాలి. ఇవాళ అమ్ముడైన టోకెన్ రేపు అమ్ముడవకుండా చేసే వీలు వాళ్ల చేతిలో ఉంటే మీరు చేసిన పరీక్షకు విలువ లేదు.

డ్రా అయ్యేదాకా అమ్మకూడదన్న షరతును తేలిగ్గా తీసుకోకండి. ఆ షరతు కొన్నవాళ్లకే గానీ, నిర్వాహకుల వాటా టోకెన్లకు వర్తిస్తుందని ఎక్కడా రాసి ఉండదు. మీరంతా చేతులు కట్టుకుని కూర్చుంటే వాళ్లు మంచి ధరకు అమ్ముకోవచ్చు. డ్రా ముగిసిన గంటలో తగలనివాళ్లంతా ఒక్కసారే అమ్మకానికి ఎగబడతారు. ధర పడేది అప్పుడే.

ఇక డ్రా నిజంగా డ్రాయేనా? బ్లాక్‌చెయిన్ మీద నడుస్తుంది కాబట్టి మోసం ఉండదని చెప్తారు. ఈ మాట నమ్మొద్దు. 2018లో ఫోమో3డీ అనే ఆటలో బహుమతి ఎవరికి వెళ్లాలో తేల్చే లెక్కను ముందే ఊహించగలమని కొందరు కనిపెట్టి వాడుకున్నారు. 2021 మేలో మీబిట్స్ ఎన్‌ఎఫ్‌టీలు విడుదలైనప్పుడు ఒకతను తనకు అరుదైనది రాకపోతే లావాదేవీ రద్దయ్యేలా కోడ్ రాసుకుని, తగిలేదాకా మళ్లీ మళ్లీ ప్రయత్నించాడు. తగిలినదాన్ని 200 ఈథర్‌కు (ఎథీరియం క్రిప్టో నాణేలు) అమ్మాడు. పేరున్న ప్రాజెక్టులోనే ఇలా జరిగింది. అందుకని యాదృచ్ఛిక సంఖ్య ఎక్కడినుంచి తెస్తున్నారో అడగండి. యాదృచ్ఛిక సంఖ్యలిచ్చే చెయిన్‌లింక్ వీఆర్‌ఎఫ్ లాంటి సేవ వాడితే సంఖ్యతో పాటు రుజువు కూడా చెయిన్ మీద ఉంటుంది, ఎవరైనా సరిచూసుకోవచ్చు. దానితో పాటు టికెట్లున్న వాలెట్ల జాబితా డ్రాకు ముందే బయటపెట్టాలి. వాళ్ల సొంత వాలెట్లు చివరి నిమిషంలో ఆ జాబితాలో దూరకుండా ఉండాలంటే ఇది తప్పనిసరి. టెలిగ్రామ్ లైవ్‌లో చక్రం తిప్పి చూపించడం డ్రా కిందికి రాదు.

బహుమతి విలువ గురించి రెండే మాటలు. ఫ్లోర్ ధర అంటే ఎవరో అడుగుతున్న అతి తక్కువ ధర, ఎవరో ఇచ్చిన ధర కాదు. ఒకరి రెండు వాలెట్ల మధ్యే అటూ ఇటూ కొనుగోళ్లు జరిపి ధర చూపించడం ఈ మార్కెట్లో మామూలు.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త కావాల్సింది "మీరు గెలిచారు" అన్న మెసేజ్ వచ్చాక. అప్పటికి మనిషి ఆనందంలో ఉంటాడు, పైగా పక్కన 15 నిమిషాల కౌంట్‌డౌన్ నడుస్తుంటుంది. క్లెయిమ్ నొక్కగానే మెటామాస్క్ లాంటి వాలెట్‌లో చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో సైట్ పేరు, కింద ఒక ఆదేశం పేరు ఉంటాయి. అక్కడ ఆగండి. ఆ ఆదేశం క్లెయిమ్ అనో మింట్ (కొత్త ఎన్‌ఎఫ్‌టీ తయారుచేయడం) అనో కాకుండా సెట్ అప్రూవల్ ఫర్ ఆల్ అని ఉంటే, ఒక కలెక్షన్‌లో మీకున్న ఎన్‌ఎఫ్‌టీలన్నిటినీ ఎప్పుడైనా తీసుకెళ్లడానికి అవతలివాళ్లకు అనుమతి ఇస్తున్నారని అర్థం. అప్రూవ్, పర్మిట్ అని కనబడితే మీ టోకెన్లకు అదే గతి. బహుమతి ఇచ్చేవాళ్లకు మీ దగ్గరున్నవి తీసుకునే అనుమతి ఎందుకు? రద్దు నొక్కేయండి. క్లెయిమ్ అని పేరున్నా, గ్యాస్ (లావాదేవీకి నెట్‌వర్క్ తీసుకునే రుసుము) కాకుండా మీ వాలెట్‌లోంచి ఇంకేదైనా బయటికి పోతున్నట్టు ఆ కిటికీ చూపిస్తే అదీ రద్దే. గ్యాస్ ఫీజు పడట్లేదు, ఒక్క సంతకమే అంటే కూడా తేలిగ్గా తీసుకోవద్దు. 2022 ఫిబ్రవరిలో ఎన్‌ఎఫ్‌టీలు కొని అమ్మే ఓపెన్‌సీ సైట్ వాడుకదారుల్లో కొందరి ఎన్‌ఎఫ్‌టీలు పోయింది అలాంటి సంతకాల వల్లే.

లింక్ అధికారిక ఖాతాలోనే వచ్చింది కదా అనుకోకండి. 2022 ఏప్రిల్‌లో పేరున్న ఎన్‌ఎఫ్‌టీ ప్రాజెక్టు బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ ఇన్‌స్టాగ్రామ్ ఖాతానే హ్యాక్ చేసి ఎయిర్‌డ్రాప్ (ఉచిత పంపకం) పేరుతో దొంగ లింక్ పెట్టారు. వెబ్‌సైట్, ఎక్స్, డిస్కార్డ్ మూడు చోట్లా ఒకే అడ్రస్ కనిపించేదాకా, కనీసం కొన్ని గంటలు గడిచేదాకా ఆగండి. అడగకుండా మీ వాలెట్‌లోకి వచ్చిపడి, బొమ్మ మీదే సైట్ పేరు రాసి ఉన్న ఎన్‌ఎఫ్‌టీని ముట్టుకోకండి. ఊరికే పడి ఉంటే దానివల్ల నష్టం లేదు, ఆ సైట్‌కు వెళ్తేనే ప్రమాదం. ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి, జీఎస్టీ కట్టండి అన్నారంటే అది పచ్చి మోసం. వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్ ఎవరడిగినా ఇవ్వొద్దు.

ఇలాంటివాటికి విడిగా ఒక వాలెట్ పెట్టుకుని, పోయినా ఫర్వాలేదనుకున్న మొత్తమే అందులో ఉంచండి. ఈ జాగ్రత్తల్లో ఒక్కటే పాటిస్తానంటే నేను చెప్పేది ఇదే.

డబ్బు పంపే దారి కూడా చూసుకోవాలి. ముక్కూమొహం తెలియనివాళ్లకు పీ టు పీలో (మధ్యలో ఎక్స్ఛేంజీ కొనకుండా మనిషికి మనిషి నేరుగా) యూఎస్‌డీటీ (డాలర్ విలువకు కట్టిన క్రిప్టో) అమ్మితే, మీ ఖాతాలోకి వచ్చింది ఎవరో మోసపోయిన డబ్బే కావచ్చు. వేరే రాష్ట్రపు సైబర్ పోలీసుల ఫిర్యాదు మీద మన బ్యాంకు ఖాతా స్తంభించిపోతుంది. జీతం పడే ఖాతాను దీనికి అసలు వాడొద్దు, కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నిఘా విభాగం ఎఫ్‌ఐయూలో నమోదైన ఎక్స్ఛేంజీ ద్వారానే వెళ్లండి.

పన్ను లెక్క చాలామంది టోకెన్ కొన్నాక గానీ చూడరు. 2022 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీ లాభాలపై 30 శాతం పన్ను, దానిమీద 4 శాతం సెస్. కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసేయనివ్వరు, ఒకదాని నష్టాన్ని ఇంకోదాని లాభంలో సర్దుకోనివ్వరు. టికెట్ కోసం లక్ష పెట్టి కొన్న టోకెన్లు 40,000కు అమ్మారు, డ్రాలో తగిలిన ఎన్‌ఎఫ్‌టీ 50,000 పలికింది అనుకోండి. చేతికొచ్చింది 90,000, అంటే పదివేలు నష్టం. అయినా ఆ 50,000పై 15,600 పన్ను పడుతుంది. డ్రా గెలిచినా చివరికి 25,600 నష్టం. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే బహుమతి చేతికొచ్చిన రోజు విలువే ఆదాయం కింద లెక్క, తర్వాత దాని ధర పడిపోయినా సరే.

ఇప్పటికే ఏదో నొక్కేశారా? రివోక్ డాట్ క్యాష్ లాంటి సైట్‌లో ఆ అనుమతిని వెంటనే రద్దు చేయండి. సీడ్ ఫ్రేజ్ ఇచ్చేసి ఉంటే రద్దు వల్ల ఉపయోగం లేదు, మిగిలినవన్నీ కొత్త వాలెట్‌కు మార్చాలి. యూపీఐలోనో బ్యాంకు ద్వారానో రూపాయలు పోయుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేసి, జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. లావాదేవీ హ్యాష్ (లావాదేవీ గుర్తింపు కోడ్), వాలెట్ అడ్రస్, చాట్ స్క్రీన్‌షాట్లు ముందే తీసి పెట్టుకోండి, టెలిగ్రామ్‌లో అవతలివాళ్లు రెండువైపులా చాట్ చెరిపేయగలరు. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో పోయిన క్రిప్టో తెచ్చిపెడతామంటూ ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు. వాళ్లకు ఒక్క రూపాయి కూడా పంపొద్దు.