మన బండి మనమే చూసుకుందాం – 6వ పాఠం: క్లచ్ మార్పించాక గేరు పడకపోతే

కిందటి పాఠంలో హ్యాండ్‌బ్రేక్ పరీక్ష చెప్పుకున్నాం. హ్యాండ్‌బ్రేక్ గట్టిగా లాగి, మూడో గేరులో క్లచ్ మెల్లగా వదిలితే ఇంజన్ ఆగిపోవాలి. ఆగకపోతే క్లచ్ ప్లేటు (ఇంజన్ తిరుగుడును గేర్‌బాక్స్‌కు అందించే పళ్లెం) జారుతున్నట్టు. ఆ పరీక్షను చాలామంది వేరే రోగానికి వాడేశారు. కావలి, కందుకూరు, గూడూరు... ఊరు ఏదైనా ప్రశ్న ఒకటే. "క్లచ్ సెట్ కొత్తది వేయించా. రివర్స్ పడట్లేదు. మీ పరీక్ష చేస్తే ఇంజన్ టక్కున ఆగింది, అంటే క్లచ్ మంచిదే కదా. గేర్‌బాక్స్ విప్పించమంటారా?"

విప్పించొద్దు. ఆ పరీక్ష ప్లేటు పట్టుకుంటోందా లేదా అన్నదే చెబుతుంది. వదులుతోందా లేదా అన్నది దానికి తెలియదు. పెడల్ వదిలితే పట్టుకోవాలి, తొక్కితే పూర్తిగా వదలాలి. మొదటి పని బ్రహ్మాండంగా చేసి రెండో పనికి మొరాయించే క్లచ్‌లు బోలెడు, అందులోనూ నిన్నో మొన్నో వేసినవి. గేరు పడకపోవడం చాలాసార్లు ఈ రెండో పనికి సంబంధించిన గొడవే. అందుకని ఈ పాఠం మొత్తం వదలడం గురించే. గేర్ కేబుళ్లు వచ్చే పాఠానికి వెళ్లిపోయాయి.

ముందు డ్రైవర్ కాళ్ల దగ్గరి మ్యాట్ తీసి వెనక సీట్లో పడేయండి. మందపాటి కొత్త మ్యాట్ పెడల్ కింద అడ్డుపడితే క్లచ్ పూర్తిగా తొక్కినట్టే ఉంటుంది కానీ తొక్కినట్టు కాదు. నేనైతే చెప్పులు కూడా విప్పి తొక్కుతాను. ఆట (బరువు తగలకుండా పెడల్ ఊరికే దిగే దూరం) ఎక్కడ అయిపోయింది, బరువు ఎక్కడ మొదలైంది అన్నది వట్టి కాలికి తెలిసినంత బాగా చెప్పుకు తెలియదు.

ఇంజన్ ఆపి, క్లచ్ తొక్కి అన్ని గేర్లూ వేసి చూడండి. పళ్లకు పళ్లు ఎదురుపడి ఒక గేరు అడ్డం తిరిగితే బండిని కాస్త ముందుకు నెట్టి మళ్లీ వేయండి. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి అదే పని చేయండి. ఆపినప్పుడు సాఫీగా పడి, స్టార్ట్ చేశాక మొండికేస్తే క్లచ్ వదలడం లేదన్నమాట. ఆపినా గట్టిగానే ఉంటే గేరు రాడ్డు, కేబుళ్లు, లేదా గేర్‌బాక్స్ లోపల చూడాలి.

ఇప్పుడు రివర్స్. చాలా బండ్లలో రివర్స్‌కు సింక్రోమెష్ (గేరు పడేముందు పళ్లచక్రాల వేగాలను సమం చేసే ఏర్పాటు) ఉండదు, అందుకే అది అబద్ధం చెప్పదు. న్యూట్రల్‌లో క్లచ్ పూర్తిగా తొక్కి, నాలుగైదు సెకన్లు ఆగి, అప్పుడు రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడాలి. కర్ర్‌మంటే ప్లేటు ఇంకా ఇంజన్‌తో పాటు తిరుగుతోంది. ఆగకుండా వేసి 'కర్ర్ మంది సార్' అనకండి, అలా వేస్తే షోరూం నుంచి వచ్చిన బండి కూడా అంటుంది. ఇంకో గుర్తు ఉంది. చదునైన చోట, ముందు మనిషీ గోడా లేకుండా చూసుకుని, ఫస్ట్ గేరులో క్లచ్ పూర్తిగా తొక్కి ఉంచి బ్రేక్ వదలండి. బండి పాకితే సందేహం అక్కర్లేదు.

హైడ్రాలిక్ క్లచ్ (కేబుల్ బదులు ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది) అయితే పెడల్‌ను గబగబా మూడు నాలుగుసార్లు తొక్కి వెంటనే గేరు వేయండి. అప్పుడు పడితే చాలావరకు పైపులో గాలి ఉన్నట్టే, పని చేసినవాళ్లు సరిగా బ్లీడింగ్ (ఆ గాలి బయటకు తీయడం) చేసి ఉండరు. చాలా బండ్లలో క్లచ్‌కూ బ్రేకుకూ ఆయిల్ డబ్బా ఒకటే, కాబట్టి మట్టం తగ్గితే తేలిగ్గా తీసుకోకండి. పెడల్ రాడ్డు పైకి వెళ్లి లోపలికి దూరే చోట వేలు పెట్టి ఆయిల్ తడి ఉందేమో చూడండి.

ఇక కేబుల్ బండ్లు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. గేరు పడట్లేదనగానే బానెట్ ఎత్తి కేబుల్ చివర నట్టు రెండు చుట్లు బిగిస్తారు. గేరు పడుతుంది. "చూశారా సార్, అంతే" అంటారు.

అసలు సంగతి ఇది. ప్లేటు అరిగేకొద్దీ ప్రెజర్ ప్లేటు (క్లచ్ ప్లేటును ఇంజన్ వైపు నొక్కిపట్టే భాగం) మధ్యలోని స్ప్రింగు వేళ్లు గేర్‌బాక్స్ వైపు జరుగుతాయి, పెడల్‌లో ఆట తగ్గుతుంది. అందుకని పాత ప్లేటుకు కేబుల్ వదులు చేస్తూ వచ్చి ఉంటారు. కొత్త ప్లేటు వేశాక వేళ్లు మళ్లీ ఇంజన్ వైపు వెళ్లిపోతాయి. ఆ పాత వదులు అలాగే ఉంటే ఆట ఎక్కువై, పెడల్ ప్రయాణంలో సగం ఖాళీగానే పోతుంది, ప్లేటు వదలదు. కాబట్టి కొత్త సెట్ తర్వాత కేబుల్ బిగించడం సరైన పనే. కానీ ఎంతవరకు? బండి మాన్యువల్లో ఇచ్చిన ఆట మిగిలేంతవరకు. సున్నా అయ్యేదాకా కాదు.

సున్నా చేస్తే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కితే ఆ వేళ్లను నెట్టే బేరింగ్) ఎప్పుడూ వేళ్లను ఆనుకుని తిరుగుతుంది. పెడల్ మీద కాలు లేకపోయినా క్లచ్ కొంచెం తొక్కి ఉన్నట్టే. బేరింగ్ అరుస్తుంది, ప్లేటు జారుతుంది, దోర్నాల ఘాట్ ఎక్కేసరికి కాలిన వాసన వస్తుంది. ఆ రోజు మీరు పాత హ్యాండ్‌బ్రేక్ పరీక్ష చేస్తే ఇంజన్ ఆగదు. "కొత్త ప్లేటు కూడా డూప్లికేటే" అని ఇంకో సెట్ కొంటారు. పైగా అసలు రోగం ప్లేటు వంగడమో, తిరగేసి వేయడమో అయితే అది లోపలే ఉంటుంది, నట్టు దాన్ని కప్పిపెట్టిందంతే. (కొన్ని బండ్లలో బేరింగ్ ఎప్పుడూ ఆనుకునేలాగే చేస్తారు, ముఖ్యంగా హైడ్రాలిక్ వాటిలో. వాటిలో ఆట వెతకొద్దు.)

నట్టు ఎవరు ఎంత తిప్పారో అడగక్కర్లేదు. టార్చ్ వేసి మర చూడండి. నట్టు చాలాకాలం కూర్చున్న చోట పాత మురికి గీత ఉంటుంది, దాని పక్కన మర కొత్తగా మెరుస్తుంది. ఆ గీతకూ ఇప్పటి నట్టుకూ మధ్య దూరమే మీ సాక్ష్యం.

ఆట సరిగా ఉండి, గాలి లేకపోయినా క్లచ్ వదలకపోతే గేర్‌బాక్స్ దించక తప్పదు. దించాక చూడాల్సింది: ప్లేటు ఏ వైపు తిప్పి వేశారు, స్ప్లైన్ల (గేర్‌బాక్స్ షాఫ్టు మీది గాడుల) మీద సులువుగా జారుతోందా, తిప్పితే అంచు ఊగుతోందా. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు దాని బరువు ప్లేటు మీద వేలాడితే మధ్యభాగం వంగుతుంది. జాకీ లేకుండా ఇద్దరు కుర్రాళ్లు చేతుల మీద ఎత్తే షెడ్లలో ఇది మామూలే. చీమకుర్తి క్వారీల వైపు తిరిగే బండి అయితే ఫోర్క్ (రిలీజ్ బేరింగ్‌ను నెట్టే చీలిక చేయి) దగ్గర రబ్బరు బూటు తిరిగి పెట్టారో లేదో కూడా చూడండి, ఆ దుమ్ము బేరింగ్ జారే గొట్టాన్ని పట్టేస్తుంది.

"నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటది" అంటే ఒప్పుకోకండి. కొత్త ప్లేటు కదిలేటప్పుడు కాస్త అదిరితే సర్దుకోవచ్చు. గేరు కర్ర్‌మనడం సర్దుకోదు. ఒప్పుకుని తిరిగితే అరిగేది గేర్ల పళ్లు.

అభ్యాసం: బండి బాగున్నవాళ్లు కూడా చేయాలి. స్టీలు స్కేలు పెడల్ పక్కన నిలబెట్టి, ఆట ఎన్ని మిల్లీమీటర్లు, బండి కదలడం మొదలయ్యేటప్పుడు పెడల్ ఫ్లోర్ నుంచి ఎంత ఎత్తులో ఉంది, రివర్స్ చప్పుడు లేకుండా పడటానికి ఎన్ని సెకన్లు ఆగాలి, ఈ మూడూ రాయండి. ఉదయం చల్లటి ఇంజన్‌తో ఒకసారి, మధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్‌లో నలిగి వచ్చాక ఒకసారి, వారం పాటు. వేడెక్కాక అంకెలు మారితే అది కూడా రాయండి. ఆ కాగితం బండిలోనే పెట్టుకోండి, గేర్ కేబుళ్ల పాఠం ఆ అంకెలతోనే మొదలవుతుంది.