ఒక నటుడి సినీ ప్రస్థానాన్ని తిరిగి చూడడం ఎలా: ఎస్వీ రంగారావు ఉదాహరణగా

పాతతరం నటుడి గురించి జయంతికో వర్ధంతికో వ్యాసం రాయమన్నప్పుడు మనలో చాలామంది చేసే పని ఒక్కటే: పుట్టిన ఊరితో మొదలుపెట్టి, పది పన్నెండు సినిమాల పేర్లు వరుసగా చెప్పి, బిరుదులతో ముగిస్తాం. అలాంటి వ్యాసంలో నటుడి పేరు తీసి మరొకరి పేరు పెట్టినా పెద్ద తేడా రాదు. ప్రస్థానాన్ని నిజంగా పరిశీలించదలచినవారు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న వేరు. కాగితం మీద ఆ పాత్ర ఎంత ఉంది, తెర మీదికి వచ్చేసరికి ఎంత అయింది? ఆ తేడాలోనే నటుడు దొరుకుతాడు. ఈ పద్ధతిని చూపడానికి ఎస్వీ రంగారావును ఎంచుకోవడానికి కారణం కూడా అదే. ఆయన పేరు మీద నడిచిన చిత్రాలకంటే, కథానాయకుడు వేరొకరై ఉండగా ఆయన కోసం జనం గుర్తుపెట్టుకున్న చిత్రాలే ఎక్కువ.

మొదటి పని కాలక్రమ పట్టిక తయారు చేసుకోవడం. సినిమా పేరు, దర్శకుడు, పాత్ర, విడుదలైన తేదీ రాసుకుంటే సరిపోదు. విడుదల నాటికి నటుడి వయసు ఒక గడిలో, కథలో ఆ పాత్రకు ఉండవలసిన వయసు పక్క గడిలో తప్పనిసరిగా వేసుకోవాలి. ఈ రెండో గడి విలువ నాకు ఒక పొరపాటు వల్ల తెలిసింది. రంగారావు యౌవనంలో ప్రతినాయకుడిగా రాణించి, వయసు మీద పడ్డాక తండ్రి పాత్రలకు మళ్లారని ఒకప్పుడు ధీమాగా రాసేశాను. ఒక పెద్దాయన ఏమీ అనకుండా, ‘గుండమ్మ కథ’ నాటికి వాళ్లందరి వయసులు లెక్కకట్టి చూడమన్నారు. 1918 జూలై 3న నూజివీడులో పుట్టిన రంగారావుకు, ఆ చిత్రం విడుదలైన 1962 జూన్ నాటికి ఇంకా 44 నిండలేదు. ఆయన కొడుకులుగా నటించిన ఎన్టీ రామారావుకు 39, అక్కినేని నాగేశ్వరరావుకు 37. అంటే పెద్ద కొడుక్కీ తండ్రికీ మధ్య ఐదేళ్లు కూడా లేవు. అయినా ఆ ఇంట్లో తండ్రి ఎవరో చూసేవారికి క్షణం కూడా సందేహం రాదు. నా వ్యాసంలోని సూత్రం అక్కడితో కూలిపోయింది.

పట్టిక నింపేటప్పుడు తేదీల విషయంలో జాగ్రత్త అవసరం. సెన్సారు తేదీని విడుదల తేదీగా రాసేయడం తరచుగా జరిగే తప్పు. ఒకే పేరుతో వచ్చిన వేర్వేరు చిత్రాలు మరో చిక్కు. ‘మాయాబజార్’ పేరుతో 1936లోనే ఒక తెలుగు చిత్రం ఉంది. తమిళం నుంచి డబ్బింగ్ అయి వచ్చినవాటిని తెలుగు చిత్రాలలో కలిపేస్తే సంఖ్య పెరుగుతుంది గానీ లెక్క తప్పుతుంది. ఇలాంటి సందేహాలు తీర్చుకోవడానికి విడుదల నాటి దినపత్రికల ప్రకటనలు, ఆనాటి సినిమా పత్రికలు, అన్నిటికంటే ముఖ్యంగా థియేటర్లలో అమ్మిన పాటల పుస్తకాలు పనికివస్తాయి. కథను సగం దాకా చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించి ఆపేసే ఆ చిన్న పుస్తకాలలో తారాగణం, సాంకేతిక నిపుణుల పేర్లు చాలావరకు నమ్మదగినవిగా ఉంటాయి. కథ ముగింపు కోసం మాత్రం వాటి మీద ఆధారపడకూడదు మరి.

పట్టిక పూర్తయ్యాక ప్రసిద్ధ చిత్రాలకు నేరుగా వెళ్లిపోకుండా, మొదటి నాలుగైదేళ్లలో ఉన్న ఖాళీలను చూడాలి. రంగారావు మొదటి చిత్రం ‘వరూధిని’. అది ఆయనకు అవకాశాలు తెచ్చిపెట్టలేదు. కొంతకాలం జంషెడ్‌పూర్‌లో ఉద్యోగం చేసుకున్నారు. తిరిగి వచ్చాక ‘మన దేశం’ (1949)లో చిన్న పాత్ర, తర్వాత ‘పల్లెటూరి పిల్ల’, 1950లోనే విజయా నిర్మాణ సంస్థ వారి తొలి చిత్రం ‘షావుకారు’లో సున్నం రంగడు, మరుసటి ఏడాది ‘పాతాళ భైరవి’లో నేపాళ మాంత్రికుడు. ఇందులో ‘షావుకారు’ను దాటవేయవద్దని నా మనవి. సున్నం రంగడు ఊరి రౌడీ, ఉన్న సన్నివేశాలు కొన్నే. కానీ భారీ వేషధారణ, మంత్రాలు, గదలు ఏవీ లేకుండా, మామూలు పల్లెటూరి మనిషిగా నిలబడిన రంగారావు ఎలా ఉంటాడో అక్కడ చూసిపెట్టుకుంటే, తర్వాతి పాత్రలలో వేషం ఎంత, మనిషి ఎంత అన్నది తూచడానికి రాయి దొరుకుతుంది.

ఇక చిత్రాల ఎంపిక. వసూళ్లు, శతదినోత్సవాలు, పురస్కారాలు చరిత్రకు అవసరమే. ఎంపికకు మాత్రం అవి కొలబద్దలు కావు. నేను సూచించేది జంటలుగా చూడడం. ఏదో ఒక అంశం మారకుండా ఉండి, అదే నటుడి నటన మాత్రమే మారే జంటలను వెతకాలి. ఉదాహరణకు ‘గుండమ్మ కథ’ (1962), ‘నర్తనశాల’ (1963) రెండింటికీ దర్శకుడు కమలాకర కామేశ్వరరావే. మొదటిదానిలో రంగారావు చిరునవ్వు వెనక పథకం దాచుకున్న పెద్దమనిషి, రెండోదానిలో కీచకుడు. ఏడాది తేడాతో అదే దర్శకుడి చేతిలో ఈ రెండూ వచ్చాయంటే, ఆ మార్పులో దర్శకుడి వాటాను పక్కన పెట్టి నటుడి వాటాను చూడడం సులువవుతుంది. కీచకుడి పాత్రకు 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం వచ్చిందని అందరూ రాస్తారు. ఆ పురస్కారం గురించి ఒక వాక్యం చాలు. సైరంధ్రిని చూస్తున్నప్పుడు ఆ కళ్లు ఎంత తీరికగా కదులుతాయో, ఆ కోరికను దాచుకోవలసిన అవసరమే లేదనుకునే రాజబంధువు ధీమా నడకలో ఎలా కనిపిస్తుందో రాయడానికి ఒక పేరా కావాలి.

మరో రకం జంట, నిజానికి త్రయం, ఒకే ఏడాదిలో దొరుకుతుంది. 1955లో ‘మిస్సమ్మ’, ‘బంగారు పాప’, ‘అనార్కలి’ వచ్చాయి. మొదటిదానిలో తప్పిపోయిన కూతురి కోసం ఎదురుచూసే మెత్తని మనసున్న జమీందారు, రెండోదానిలో పసిబిడ్డ చేతికి వచ్చాక కరుగుతూ వచ్చే కరకు మనిషి కోటయ్య, మూడోదానిలో అక్బరు. ముగ్గురూ తండ్రులే లేదా తండ్రివంటివారే అన్నది గమనించదగిన సంగతి. బిడ్డను చూసే చూపును మూడింటిలోనూ పక్కపక్కన పెట్టి చూడండి. బి.ఎన్. రెడ్డి తీసిన ‘బంగారు పాప’ నేడు చూసేవారు తక్కువ. నా అంచనాలో ఆయన నటనలో అతి తక్కువ అలంకారం, అతి ఎక్కువ లోతు ఉన్నది అందులోనే. దాన్ని చూడకుండా రంగారావు గంభీర పాత్రల నటుడని తీర్పు ఇవ్వకూడదు.

తోటి నటులను కూడా పట్టికలో రాసుకుంటే ఊహించని జంటలు బయటపడతాయి. ‘మిస్సమ్మ’లో ఆయనకు భార్యగా నటించిన ఋష్యేంద్రమణే రెండేళ్ల తర్వాత ‘మాయాబజార్’లో సుభద్ర, అంటే ఘటోత్కచుడికి పినతల్లి. అంతకుముందు భార్యగా పక్కన నిలిచిన నటి ముందు ఆ భారీ దేహం చిన్నపిల్లవాడిలా ఒదిగిపోవడాన్ని, ఈ సంగతి తెలిసి చూస్తే, మరోలా చూస్తాం.

ఎంచుకున్న చిత్రాలలో ఒక్కొక్కదాని నుంచి ఒకటి రెండు సన్నివేశాలను మాత్రం మూడుసార్లు చూడాలి: ఒకసారి మామూలుగా, ఒకసారి ధ్వని ఆపి, ఒకసారి తెర వైపు చూడకుండా కేవలం వింటూ. ధ్వని ఆపి చూడడానికి ‘మాయాబజార్’లోని వివాహ భోజన సన్నివేశాన్ని మించినది లేదు. ఆ పాటలోని గొంతు మాధవపెద్ది సత్యానిది, లడ్డూలు వాటంతట అవే ఎగిరి నోట్లో పడేలా చేసిన నైపుణ్యం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే బృందానిది. ఈ రెండూ తీసేస్తే రంగారావుకు మిగిలింది ఏమిటి? గాలిలోకి చూడడం, సరైన క్షణానికి నోరు తెరవడం, లేని బరువును నమిలి మింగడం. ఆయన చూపు ఒక్క అంగుళం పక్కకు పోయినా మనకు లడ్డూ కనిపించదు, దారం కనిపిస్తుంది. ధ్వని లేకుండా చూస్తే ముందుగా కదిలేది కనుగుడ్లు, తర్వాత కనుబొమలు, చివరికి దవడ అని తెలుస్తుంది. ఆకలికీ తిండి మీది ఆనందానికీ ఉన్న తేడా ఆ వరుసలోనే ఉంది. 2010లో ఈ చిత్రం రంగుల్లో కూడా వచ్చింది గానీ, పరిశీలనకు నలుపు తెలుపు ప్రతినే వాడమంటాను. బార్‌ట్లే వెలుగునీడలు ముఖం మీద పరచిన తీరు అందులోనే చెక్కుచెదరకుండా ఉంది.

వినడానికి ‘పాతాళ భైరవి’ మంచిది. అక్కడ జాగ్రత్తగా వాటాలు పంచాలి. ‘డింభకా’ అన్న పిలుపు పింగళి నాగేంద్రరావు కలానిది. దానిని తెలుగువారి నోళ్లలో నిలిపింది రంగారావు గొంతు. ఆ మాటలో బెదిరింపు ఉంది, ఎగతాళి ఉంది, బలి ఇవ్వబోయే కుర్రవాడి మీద ఒక విధమైన ముచ్చట కూడా ఉంది. అదే మాంత్రికుడు చిత్రం చివరలో రాకుమారి మెప్పు కోసం గడ్డం తీయించుకుని శక్తులు పోగొట్టుకునేటప్పటికి గొంతులోని ఇనుము ఎలా పలచబడుతుందో వినండి. రాసిన మాటల్లో ఆ పలచబడడం లేదు.

ఒక నటుడి శైలి నిజంగా ఏమిటో తెలుసుకోవడానికి అతణ్ని అనుకరించినవారిని చూడడం మరో దారి. ఈ విషయంలో రంగారావు అదృష్టవంతుడు, ఎందుకంటే అనుకరించింది సావిత్రి. ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించాక, తెర మీద ఉన్నది సావిత్రి, నటించవలసింది లోపల దాగిన రంగారావును. పెళ్లి పీటల మీద లక్ష్మణ కుమారుడి కాలు తొక్కడం, సిగ్గు నటిస్తూనే ఛాతీ విరవడం, వెంటనే తెలివి తెచ్చుకుని ఒదిగిపోవడం ఒక కాగితం మీద రాసుకుని, తర్వాత వెనక్కి వెళ్లి రంగారావు సన్నివేశాలలో వాటి మూలాలను వెతకాలి. ఆమె ఏది తీసుకుందో అది ఆయన ముద్ర. ఏది వదిలేసిందో అది ఆ పాత్ర వేషం. ఏ విమర్శకుడూ ఇంత కచ్చితంగా విడదీసి చెప్పలేడు.

లోపాలనూ రాయాలి. పౌరాణికాలలో ఆయన వేసిన అహంకారులు ఎందరో: ‘దీపావళి’ (1960)లో నరకాసురుడు, ‘పాండవ వనవాసం’ (1965)లో దుర్యోధనుడు, ‘భక్త ప్రహ్లాద’ (1967)లో హిరణ్యకశిపుడు, ‘సంపూర్ణ రామాయణం’ (1971)లో రావణుడు. వీటిని వరసగా చూస్తే నవ్వులో, మీసం సవరించుకోవడంలో పునరుక్తి కనిపిస్తుంది. కనిపించిందని రాయడం అపచారమేమీ కాదు. హిరణ్యకశిపుడు మాత్రం ఆ వరసలోంచి విడిపడి నిలుస్తాడు. చిన్నారి రోజారమణి ఎదురుగా ఉన్నప్పుడు కొడుకు మీది ముద్దు ముందు వస్తుంది, హరి పేరు వినగానే దాన్ని కోపం తరుముతుంది, ఆ రెండూ ఒకే ముఖం మీద పెనుగులాడతాయి. సాంఘికాలలో 1960ల చివరి నుంచి ఇంటిపెద్ద పాత్రలు పెరిగి, కొన్నిటిలో ఆయన అలవాటు మీద నడిపించినట్టు అనిపిస్తుంది. ఆయన దర్శకత్వం వహించిన ‘చదరంగం’ (1967), ‘బాంధవ్యాలు’ (1968) చిత్రాలను ఆ కాలం పక్కన పెట్టి చూస్తే, అదే ఇంటిపెద్దను తానే తీర్చుకున్నప్పుడు ఏమి కోరుకున్నారో కొంత అర్థమవుతుంది. తమిళం కాస్త వచ్చినవారు 1957 నాటి తమిళ ‘మాయాబజార్’ కూడా చూడవచ్చు. అభిమన్యుడిగా అక్కినేని బదులు జెమినీ గణేశన్ ఉంటారు, ఘటోత్కచుడు మాత్రం ఈయనే.

చివరికి జాబితా. ఎనిమిదికి మించకుండా కుదించి, ఒక్కో చిత్రానికి కారణం ఒకే వాక్యంలో రాయాలి. ఆ వాక్యంలో ‘అద్భుతం’, ‘నట విశ్వరూపం’ వంటి మాటలు వాడకుండా, ఆ నటుడు ఏం చేశాడో చెప్పే క్రియ ఒకటి తప్పనిసరిగా ఉండాలి. అలా రాయడానికి ఏ క్రియా దొరకని చిత్రాన్ని, ఎంత పేరున్నదైనా, తీసేయడమే న్యాయం. రంగారావుకు నేను కుదించుకున్న జాబితా ఇది: ‘షావుకారు’, ‘పాతాళ భైరవి’, ‘బంగారు పాప’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’, ‘నర్తనశాల’, ‘భక్త ప్రహ్లాద’, ‘తాత మనవడు’. ‘పెళ్లి చేసి చూడు’లోని వియ్యన్నను వదులుకోవడం ఇప్పటికీ కష్టంగానే ఉంది.

కొత్తవారికి చూపేటప్పుడు కాలక్రమం పాటించనక్కరలేదు. ‘మాయాబజార్’తో మొదలుపెట్టి, వెంటనే ‘బంగారు పాప’ వేస్తే ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న ప్రేక్షకుల నుంచే వస్తుంది. ఆ ప్రశ్న వచ్చాక తర్వాతి చిత్రాలకు పరిచయం అక్కరలేదు. ‘తాత మనవడు’ను మాత్రం ఆఖరుకు ఉంచండి. దాసరి నారాయణరావు తొలి చిత్రమైన అది 1973లో వచ్చింది, రంగారావు 1974 జూలై 18న మద్రాసులో కన్నుమూశారు. వయసుల పట్టికలో ఆయన వయసుకూ పాత్ర వయసుకూ మధ్య దూరం అప్పటికి తగ్గిపోయింది గానీ, పూర్తిగా చెరిగిపోలేదు. రాజబాబుకు తాతగా నటించిన ఆ మనిషికి అప్పుడు 55 దాకా ఉంటాయి, అంతే.