పాత డీజిల్ బండికి డీజిల్ అందకపోతే: పంపు దాటాక వేలు పెట్టకండి

మొన్న ఒక కుర్రాడికి చూపుడువేలు తీసేశారు. పాత డీజిల్ ఇంజన్, మిస్సింగ్ కొడుతోంది, అంటే ఏదో సిలిండర్ సరిగా మండడం లేదు. డీజిల్ ఎక్కడో కారుతోందన్న అనుమానంతో, బండి స్టార్టింగ్‌లో ఉండగానే ఇంజెక్టర్ (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మే భాగం) పైపు వెంబడి వేలితో తడుముతూ పోయాడు. పైపుకి వెంట్రుకంత పగులు ఉంది. చురుక్కుమంటే తీసి చూసుకున్నాడు. సూది గుచ్చినంత చుక్క, రక్తం కూడా సరిగా రాలేదు. కడుక్కుని మిగతా పని పూర్తి చేశాడు. రాత్రికి వేలు ఉబ్బి బిగుసుకుపోయింది. ఆస్పత్రికి వెళ్లింది మర్నాడు మధ్యాహ్నం.

ఇలా పాడైన చేతులు ఇంతకుముందూ చూశాను. అందరూ చేసిన తప్పు ఇదే. డీజిల్ దగ్గర బీడీ కాల్చొద్దు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ప్రెషర్ ఎక్కడ ఎంత ఉంటుందో ముందు తెలియాలి. ట్యాంకు, రబ్బరు పైపులు, ట్యాంకులోంచి డీజిల్ లాగే ఫీడ్ పంపు, ఫిల్టర్, అక్కడి నుంచి ఇంజెక్షన్ పంపు నోటి దాకా ప్రెషర్ తక్కువే. ఇంజెక్షన్ పంపు నుంచి ఇంజెక్టర్లకు వెళ్లే సన్నటి ఉక్కు పైపుల సంగతి వేరు. పాత ఇంజన్లలో నాజిల్ (ఇంజెక్టర్ మొన) తెరుచుకోవడానికే, మోడల్‌ను బట్టి, సుమారు 120 నుంచి 250 బార్ దాకా కావాలి. కారు టైరులో ఉండేది 2 బార్ చిల్లర. చర్మంలోంచి దూరిపోవడానికి 7 బార్ చాలు. లోపలికి వెళ్లిన డీజిల్ వేలి స్నాయువుల వెంబడే అరచేతి దాకా పాకుతుంది. పైకి చుక్కే కనిపిస్తుంది, లోపల కండ చచ్చిపోతూ ఉంటుంది. మొదట్లో నొప్పి పెద్దగా ఉండదు, మనిషి మోసపోయేది అక్కడే.

అసలు చాలా బళ్లలో రోగం ఇంజెక్షన్ పంపుకి ముందే ఉంటుంది. అటువైపు పూర్తిగా చూడకుండా ఇంజెక్టర్ల మీద పడడం వల్లే ఇన్ని ప్రమాదాలు.

ట్యాంకు నుంచి పంపు దాకా

సెల్ఫ్ కొడుతున్నప్పుడు సైలెన్సర్ దగ్గర ఒకరిని నిలబెట్టండి. పొగే రాకపోతే డీజిల్ సిలిండర్ దాకా చేరడం లేదు. తెల్ల పొగ వస్తుంటే చేరుతోంది గానీ మండడం లేదు. అప్పుడు చల్లటి సిలిండర్‌ని వేడెక్కించే హీటర్ ప్లగ్గులు, కంప్రెషన్, టైమింగ్ చూడాలి.

కొంత దూరం నడిచి ఆగిపోయి, కాసేపాగితే మళ్లీ అందుకుంటోందా? ఆగిన వెంటనే ట్యాంకు మూత తీయండి. ఉస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే మూతలోని గాలి రంధ్రం పూడుకుపోయినట్టే. దానికి ఖర్చేమీ లేదు.

పొద్దున్నే మొండికేసి, ఒకసారి అందుకున్నాక రోజంతా బాగానే నడిచే బండికి చాలాసార్లు ఎయిర్ పడుతోందని అర్థం. రాత్రంతా డీజిల్ వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ఫీడ్ పంపు పీల్చుకునే వైపు పైపు చిట్లితే, బండి నడుస్తున్నప్పుడు డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. తడి కోసం ఎంత వెతికినా దొరకదు. దీనికి నేను నమ్మేది జానెడు పారదర్శకమైన పైపు, డీజిల్‌కి తట్టుకునే రకం. ఇంజెక్షన్ పంపులోకి వచ్చే రబ్బరు పైపు మధ్యలో దాన్ని కలిపి స్టార్ట్ చేయండి. ఆవగింజల్లాంటి బుడగలు వరసగా పోతుంటే పైపుని ఒక్కో జాయింట్ వెనక్కి, ట్యాంకు వైపు జరపండి. బుడగలు ఎక్కడ మాయమయ్యాయో, దానికీ అంతకుముందు చూసిన చోటుకీ మధ్యలో ఉంది లోపం. సాధారణంగా పాత రాగి వాషరో, ఎండిపోయిన రబ్బరో అయి ఉంటుంది. వాషర్ కొత్తది వేయండి, పాతదాన్నే ఇంకా బిగించొద్దు.

ఫిల్టర్ అడుగు నుంచి కొంచెం డీజిల్ గాజు సీసాలో పట్టి చూడండి, నీళ్లుంటే అడుగుకి చేరతాయి. స్టాప్ సోలినాయిడ్ (కరెంటుతో డీజిల్‌ని తెరిచి మూసే వాల్వు) ఉన్న బండైతే తాళం తిప్పినప్పుడు టక్కుమనాలి.

పంపు దాటాక

ఇంజన్ తిరుగుతున్నంతసేపూ ఈ పైపుల మీద వేలు పెట్టొద్దు. గ్లవ్స్ ఉన్నా పెట్టొద్దు. గుడ్డ చుట్టుకున్నా పెట్టొద్దు. ఆ ధారకి గుడ్డ అడ్డమే కాదు.

కారుతోందని అనుమానం ఉంటే ఇంజన్ ఆపి పైపులన్నీ పొడిగా తుడవండి. స్టార్ట్ చేసి దూరంగా నిలబడండి. ఆపి, తడి ఎక్కడ వచ్చిందో చూడండి. అప్పటికీ తేలకపోతే పొడవాటి కర్రకి అట్టముక్క కట్టి పైపుల వెంట తిప్పండి, అట్ట మీద తడి మచ్చ పడుతుంది.

ఏ సిలిండర్ మిస్సవుతోందో తెలుసుకోవడానికి నడుస్తున్న ఇంజన్ మీదే ఇంజెక్టర్ పైపు నట్టు వదులు చేసే అలవాటు చాలామందికి ఉంది. అలా వద్దు. ఇంజన్ ఆపి ఒక్క నట్టు వదులు చేయండి, వెనక్కి జరిగి స్టార్ట్ చేసి శబ్దం వినండి. తేడా రాకపోతే రోగం ఆ సిలిండర్‌దే. కామన్ రెయిల్ (ఇంజెక్టర్లన్నిటికీ ఒకే ప్రెషర్ పైపు నుంచి డీజిల్ అందే కొత్త రకం) ఇంజన్‌కి ఇదీ చేయకూడదు. అందులో ప్రెషర్ 1,000 బార్ దాటుతుంది.

ఇక మిగతావి, వరసేమీ లేదు:

న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్, చక్రానికి అడ్డు. మూడూ చూసుకున్నాకే సెల్ఫ్.

పైపుల్లో చేరిన ఎయిర్ తీసేటప్పుడు ముందు ఫిల్టర్, తర్వాత పంపు, ఆఖర్న ఇంజెక్టర్ నట్లు. నురగ ఆగి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా.

కళ్లద్దాలు పెట్టుకోండి.

విప్పిన ఇంజెక్టర్‌ని బయట పెట్టి సెల్ఫ్ కొట్టి స్ప్రే చూడొద్దు. నాజిల్ ముందు చెయ్యి అసలే పెట్టొద్దు. టెస్టింగ్ షాపుకి పంపండి.

హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌లోకి ఈథర్ స్ప్రే కొట్టొద్దు. పేలుతుంది.

డీజిల్ ఖాళీ చేసిన ట్యాంకుకి వెల్డింగ్ పెట్టొద్దు. లోపల ఆవిరి ఉంటుంది.

పైపులు కడగడానికి పెట్రోల్ వాడొద్దు.

మూత బిగించి ఉన్న ట్యాంకులోకి కంప్రెసర్ గాలి కొట్టొద్దు.

సెల్ఫ్ పది సెకన్లు కొట్టాక ఒక నిమిషం ఆగండి.

చురుక్కుమందా, పని అక్కడే వదిలేసి సర్జన్ ఉన్న ఆస్పత్రికి వెళ్లండి. "డీజిల్ ప్రెషర్‌తో లోపలికి వెళ్లింది" అని ఇవే మాటలు చెప్పండి, లేకపోతే చిన్న గాయమని కట్టు కట్టి పంపేస్తారు. నొక్కి పిండొద్దు. కాపడం పెట్టొద్దు. తెల్లారాక చూద్దాం అనొద్దు. గంట గడిచేకొద్దీ వేలు దక్కే అవకాశం తగ్గుతుంది.

పైపు పగిలితే వెల్డింగ్ వద్దు, టేపు వద్దు. కొత్తది వేయండి.

విప్పిన క్లాంపులన్నీ తిరిగి బిగించండి. క్లాంపు లేని పైపు వణికి వణికి నట్టు దగ్గర పగులుతుంది.