గ్రీకు దీవుల్లో చిన్న ఓడ ప్రయాణం: ఎలా ప్లాన్ చేసుకోవాలి?

గ్రీసుకు చిన్నా పెద్దా కలిపి దాదాపు 6,000 దీవులున్నాయి. మనుషులు కాపురముండేవి మాత్రం రెండు వందల పైచిలుకే. మూడు నాలుగు వేల మందిని మోసే క్రూయిజ్ ఓడలు వాటిలో కొద్ది రేవులకే వెళ్తాయి. నలభై యాభై మంది పట్టే చిన్న ఓడ అలా కాదు. ఊరి మధ్యలోనే, చేపల పడవల పక్కన తాళ్ళు కట్టుకుని నిలబడుతుంది. దిగి నాలుగడుగులు వేస్తే కాఫీ కొట్టు, ఇంకో నాలుగడుగులు వేస్తే చర్చి. రాత్రి ఊళ్ళో భోంచేసి, వీధులన్నీ తిరిగి, నిద్రవేళకు ఓడెక్కవచ్చు. నాకు చిన్న ఓడ అంటే ఇష్టం ఇందుకే.

అయితే సముద్రం ఎలా ఉంటే చిన్న ఓడ ప్రయాణం అలా ఉంటుంది. అందుకే ప్లాన్‌ను "సాంటోరిని చూడాలి" దగ్గర మొదలుపెట్టకండి. ముందు నెల, తర్వాత సముద్రం, ఆ తర్వాత ఓడ, చివరికి దీవులు. ఈ వరస మారిస్తే డబ్బు కట్టేశాక టెన్షన్ మొదలవుతుంది.

1. ముందు నెల తేల్చుకోండి

చిన్న ఓడలు ఎక్కువగా ఏప్రిల్ చివరి నుంచి అక్టోబర్ దాకా తిరుగుతాయి. పిల్లల సెలవులను బట్టి చూసుకుంటే జులై, ఆగస్టు అనుకూలంగా అనిపిస్తాయి కానీ ఏజియన్ సముద్రంలో మెల్టెమి గాలి బలంగా వీచేది సరిగ్గా ఆ రెండు నెలల్లోనే. ఇది ఉత్తరం నుంచి వచ్చే పొడిగాలి. దీని చిక్కేమిటంటే మబ్బు ఉండదు, వాన ఉండదు. ఆకాశం నీలంగా మెరుస్తూనే ఉంటుంది, కింద సముద్రం మాత్రం తెల్లటి నురగలతో ఎగిరిపడుతూ ఉంటుంది. ఒకసారి మొదలైతే వరసగా కొన్ని రోజులు వీస్తుంది.

ఈ గాలికీ మన వానాకాలానికీ చుట్టరికం ఉంది. దక్షిణాసియా మీద రుతుపవనాల వేళ ఏర్పడే అల్పపీడనం పడమటివైపు టర్కీ దాకా సాగుతుంది. అటు బాల్కన్ దేశాల మీద అధిక పీడనం ఉంటుంది. ఆ రెండింటి మధ్య ఏజియన్ మీదుగా గాలి దూసుకువస్తుంది. మనకు వానలు ముమ్మరంగా ఉన్న రోజుల్లోనే అక్కడ గాలి కూడా ముమ్మరంగా ఉంటుందన్నమాట.

గ్రీసులో గాలిని బోఫోర్ లెక్కలో చెబుతారు. 4 బోఫోర్ అంటే హాయి. 6 అంటే గంటకు 39 నుంచి 49 కిలోమీటర్ల గాలి. పెద్ద ఫెర్రీలకు అది మామూలే కానీ చిన్న ఓడలో కప్పు బల్ల మీద నిలవదు. ఇంకా పెరిగితే కోస్ట్‌గార్డ్ ఓడలను బయల్దేరనివ్వదు. రేవులో "అపగోరెఫ్తికో" అనే మాట వినిపిస్తే ఆ నిషేధం పడిందని అర్థం.

నన్నడిగితే మొదటిసారి వెళ్ళేవారికి సెప్టెంబర్ అంత మంచి నెల ఇంకోటి లేదు. వేసవంతా కాగిన నీళ్ళు వెచ్చగా ఉంటాయి, గాలి నెమ్మదిస్తుంది, జనం తగ్గుతారు. మే చివర, జూన్ మొదట్లో కొండల మీద పచ్చదనం, పూలు ఉంటాయి కానీ ఈత కొట్టడానికి నీళ్ళు చల్లగా అనిపిస్తాయి. ఆగస్టు 15 మేరీమాత పండుగ. ఆ రోజుల్లో తీనోస్ దీవికి గ్రీసు నలుమూలల నుంచీ యాత్రికులు వస్తారు, కొందరు రేవు నుంచి గుడి దాకా మోకాళ్ళ మీద వెళ్తారు. ఆ భక్తిని చూడాలనుకుంటే సరే, లేదంటే ఆ వారం వదిలేయండి.

2. నెలకు తగిన సముద్రం

ఎక్కువమంది మనసులో ఉండేవి సిక్లడీస్ దీవులు. తెల్లటి ఇళ్ళు, నీలి గుమ్మటాలు అక్కడివే. డీలోస్ అనే పవిత్ర దీవి చుట్టూ వలయంలా ఉన్నాయని వాటికి ఆ పేరు వచ్చింది. గ్రీకులో కిక్లోస్ అంటే వలయం. ఆ మాటకూ మన "చక్రం" అనే మాటకూ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. మెల్టెమి దెబ్బ ఎక్కువగా పడేది కూడా ఈ దీవుల మీదే.

జులై, ఆగస్టుల్లోనే వెళ్ళక తప్పదనుకుంటే రెండు దారులున్నాయి. గ్రీసుకు పడమట ఉన్న అయోనియన్ సముద్రంలో గాలి మెత్తన. కార్ఫు, పాక్సోస్, లెఫ్కడా, ఇథాకా, కెఫలోనియా అటు ఉన్నాయి. తెల్లటి రాతి దీవులు కావవి, ఆలివ్ తోటలు, సైప్రస్ చెట్లతో పచ్చగా ఉంటాయి. రెండోది ఏథెన్స్ పక్కనే ఉన్న సరోనిక్ గల్ఫ్. ఈజినాలో పిస్తా తోటలు, అఫాయా ఆలయం, పోరోస్ ఎదుటి తీరాన నిమ్మతోటలు, ఆ తర్వాత హైడ్రా. హైడ్రాలో కార్లు, బైకులు నడవనివ్వరు. సామాను గాడిదల మీదే వెళ్తుంది. దూరాలు తక్కువ కాబట్టి చంటిపిల్లలు, పెద్దవాళ్ళు ఉన్న కుటుంబానికి నేను ముందు సరోనిక్ చెబుతాను.

టర్కీ తీరం పక్కనున్న డొడెకనీస్ దీవుల్లో చరిత్ర దట్టంగా ఉంటుంది. రోడ్స్ కోటనగరం, 1088లో స్థాపించిన పాట్మోస్ మఠం రెండూ యునెస్కో జాబితాలో ఉన్నాయి. సిమి రేవులో పసుపు, గులాబి రంగుల ఇళ్ళు మెట్లు మెట్లుగా కొండెక్కుతాయి. రెండోసారి వెళ్ళేవారికి ఇవి బాగుంటాయి.

3. ఓడను ఎంచుకోవడం

మీరు ఎనిమిది పదిమంది బంధుమిత్రులైతే కెప్టెన్‌తో సహా, రెండు పడవలు జోడించినట్టుండే కటమరాన్‌ను వారానికి మొత్తంగా అద్దెకు తీసుకోవచ్చు. దారి, వేళలు చాలావరకు మీ ఇష్టం. అయితే డీజిల్, తిండి సరుకులు, రేవు రుసుములు అద్దెకు అదనం. ఇద్దరు ముగ్గురే అయితే కేబిన్‌వారీగా టికెట్లు అమ్మే ఓడలు చూడండి. తెరచాపలు, ఇంజిన్ రెండూ ఉండే మోటార్‌సెయిలర్లలో ముప్ఫై నుంచి యాభై మంది పడతారు. స్టార్ ఫ్లయర్ లాంటి నాలుగు స్తంభాల తెరచాప ఓడలో దాదాపు 170 మంది.

బుక్ చేసేముందు ఈ సంగతులు రాతపూర్వకంగా అడగండి. ఓడ రాత్రిళ్ళు రేవులో ఉంటుందా, ప్రయాణిస్తుందా? ఒక పూట భోజనమా, రెండు పూటలా? చాలా చిన్న ఓడల్లో టిఫినూ ఒక పూట భోజనమే ఇస్తారు. అది లోపం కాదు, సాయంత్రం ఊళ్ళో తినడం కోసమే అలా పెట్టారు. లిఫ్ట్ ఉందా? సాధారణంగా ఉండదు, మెట్లు నిటారుగా ఉంటాయి. ఒంటరిగా వెళ్తే అదనంగా ఎంత? ధర చాలావరకు ఒక గదిలో ఇద్దరని లెక్కగట్టి చెబుతారు. గాలి వల్ల దీవులు మారితే డబ్బు వెనక్కి వస్తుందా? సాధారణంగా రాదు, ఆ సంగతి ముందే తెలియడం మంచిది. వీసా రాకపోతే ఎంత తిరిగిస్తారు? ఈ చివరి ప్రశ్న మనకు అన్నిటికన్నా ముఖ్యం.

కేబిన్ విషయంలో కిటికీకన్నా చోటు చూడండి. ఓడ పొడవులో నడిమధ్య, కింది అంతస్తులో ఉన్న గది తక్కువ ఊగుతుంది. ముక్కు దగ్గరిది ఎక్కువ ఊగుతుంది. కడుపులో తిప్పే అలవాటున్నవారు కారులో వేసుకునే మాత్రే ఇక్కడ సరిపోతుందా అని డాక్టర్‌ను అడిగి తీసుకెళ్ళండి. ఓడ కదిలాక కాదు, కదలకముందే వేసుకోవాలి.

4. దారిని లెక్కతో చదవండి

బ్రోషర్‌లో ఏడు రాత్రులు, ఎనిమిది దీవులు అని రాసి ఉంటే ముచ్చటగా ఉంటుంది. ఒక కాగితం తీసుకుని లెక్క వేయండి. చిన్న ఓడ వేగం సుమారు 10 నాట్లు, అంటే గంటకు 10 నాటికల్ మైళ్ళు, 18 కిలోమీటర్ల పైన. మికొనోస్ నుంచి సాంటోరిని 60 నాటికల్ మైళ్ళకు పైగా ఉంటుంది కాబట్టి ఆరు గంటల పైనే పడుతుంది. పారోస్ నుంచి నాక్సోస్ గంట, గంటన్నర. రోజుకు ఐదు గంటలకు మించి పగటిపూట ప్రయాణం ఉన్న దారైతే మీరు దీవులకన్నా నీళ్ళే ఎక్కువ చూస్తారు. వారంలో ఐదు దీవులు చాలు.

సాంటోరినిలో సూర్యాస్తమయం గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో అగ్నిపర్వతం పేలి ఏర్పడి, సముద్రం నిండిన ఆ గుంటలోకి ఓడ మీద ప్రవేశించడం విమానంలో దిగినవారికి దొరకని అనుభవం. ఆ గంటసేపు డెక్ మీదే ఉండండి. తర్వాత పాత రేవు నుంచి ఫిరా ఊరికి కేబుల్ కారు లేదా 580 పైచిలుకు మెట్లు. కంచరగాడిదలు ఎక్కవద్దని నా విన్నపం, ఎండలో ఆ మూగజీవాలు పడే అవస్థ చూడలేం. పెద్ద ఓడలు సాధారణంగా సాయంత్రానికి వెళ్ళిపోతాయి. మీ ఓడ రాత్రి అక్కడే ఆగే దారైతే ఊరు కాస్త ఖాళీ అయ్యాక తిరగవచ్చు.

డీలోస్‌ను మాత్రం ఏ దారిలో ఉన్నా వదలకండి. అపోలో, ఆర్టెమిస్ అనే దేవతలు పుట్టిన చోటని గ్రీకుల నమ్మకం. క్రీస్తుపూర్వం 426లో ఏథెన్స్‌వాళ్ళు దీవిని శుద్ధి చేసి, ఇక మీదట అక్కడ పుట్టుక, చావు రెండూ జరగకూడదని శాసించారు. ఇప్పటికీ అక్కడ రాత్రి బస చేయనివ్వరు. చెట్టు నీడ ఉండదు, టోపీ, నీళ్ళు మీవే.

పేరు తక్కువ వినిపించే దీవి ఒక్కటైనా దారిలో ఉండేలా చూడండి. సిరోస్‌లోని ఎర్మూపొలి పాలరాతి వీధులు, ఫొలెగాండ్రోస్‌లో కొండకొమ్మున ఉన్న ఊరు, అమోర్గోస్‌లో సముద్రానికి సుమారు 300 మీటర్ల ఎత్తున కొండగోడకు అతుక్కున్న తెల్లటి ఖోజోవియోటిసా మఠం. మఠాల్లోకి భుజాలు, మోకాళ్ళు కప్పుకునే వెళ్ళాలి. ఒక పల్చటి చున్నీ బ్యాగులో ఉంటే చాలా చోట్ల పనికొస్తుంది.

5. వీసా, టికెట్లు

భారత పాస్‌పోర్ట్ ఉన్నవారికి షెంగెన్ వీసా, అంటే ఐరోపాలోని చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా కావాలి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయవచ్చు. పదిహేను రోజుల ముందు వరకూ గడువున్నా అంతదాకా ఆగకండి. వేసవిలో అపాయింట్‌మెంట్లే దొరకవు. పెద్దలకు ఫీజు 90 యూరోలు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాస్‌పోర్ట్ గత పదేళ్ళలో ఇచ్చినదై ఉండాలి, తిరుగు ప్రయాణం తర్వాత మూడు నెలలు చెల్లాలి. ఓడలో రాత్రులకు హోటల్ బుకింగ్ ఉండదు కాబట్టి కంపెనీ నుంచి మీ పేరు, తేదీలు, రేవులు ఉన్న ధ్రువపత్రం తీసుకుని జతచేయండి.

కొన్ని దారులు టర్కీలోని కుషాదాసి రేవుకు వెళ్తాయి. అలా వెళ్తే షెంగెన్ ప్రాంతం దాటినట్టే. మళ్ళీ గ్రీసులోకి రావడానికి మల్టిపుల్ ఎంట్రీ వీసా ఉండాలి, టర్కీ నిబంధనలు విడిగా చూసుకోవాలి. అమెరికాలో హెచ్‌1బీ మీద ఉన్న మనవాళ్ళకు కూడా షెంగెన్ వీసా అవసరమే. పైగా తిరిగి అమెరికా వెళ్ళడానికి పాస్‌పోర్ట్‌లో స్టాంప్ చెల్లుబాటులో ఉందో లేదో ఓడ బుక్ చేసేముందే చూసుకోండి.

ఓడ బయల్దేరే రోజుకు కనీసం ఒక రోజు ముందు ఏథెన్స్ చేరండి. ఒకసారి మా సామాను మాతో రాలేదు, మర్నాడు సాయంత్రం వచ్చింది. ఆ ఒక్క రోజు తేడా ఉండబట్టి సరిపోయింది. 2025 అక్టోబర్ నుంచి షెంగెన్ సరిహద్దుల్లో వేలిముద్రలు, ఫోటో తీసుకునే కొత్త పద్ధతి మొదలైంది కాబట్టి క్యూలకూ సమయం కావాలి. విమానాశ్రయం నుంచి పిరేయస్ రేవుకు నేరుగా మెట్రో ఉంది, గంట ప్రయాణం. అయితే మీ ఓడ పిరేయస్ పెద్ద రేవులో ఉందా, మెరీనా జేయాలోనా, ఆగ్నేయంగా దూరాన ఉన్న లావ్రియోలోనా అన్నది టికెట్‌లో చూడండి. వీటి మధ్య తేడా తెలియక చివరి గంటలో పరుగులు పెట్టేవారున్నారు.

ఖర్చులో టికెట్ ధరకు బయట ఉండేవి కలపండి: రేవు రుసుములు, సిబ్బందికి టిప్పులు, ఊళ్ళో భోజనాలు, గైడ్‌తో తిరిగే యాత్రలు. 2025 జులై నుంచి క్రూయిజ్ ప్రయాణికుల మీద రుసుము కూడా ఉంది. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా సాంటోరిని, మికొనోస్‌లలో 20 యూరోలు, మిగతా రేవుల్లో 5 యూరోలు. అది ధరలో కలిసిందో లేదో అడగండి. భారత్‌లో ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే పన్ను) పడుతుంది, ఆ రసీదు ఐటీ రిటర్న్ కోసం దాచుకోండి.

6. శాకాహారులు బెంగపడనక్కర్లేదు

గ్రీసులో చేపలూ మాంసమే అనుకుంటారు కానీ అక్కడి సంప్రదాయ చర్చి ఉపవాసాలు ఏడాదిలో చాలా రోజులు ఉంటాయి. ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. అలాంటి వంటలను నిస్తిసిమా అంటారు. ఒక్క జాగ్రత్త: రొయ్యలు, స్క్విడ్ లాంటివి ఉపవాసంలో తింటారు, కాబట్టి అడిగి తెలుసుకోవాలి. శాకాహారికి వాళ్ళ మాట ఖోర్తోఫాగోస్.

సాంటోరిని ఫావా మన ముద్దపప్పుకు దగ్గర బంధువు. మీద ఆలివ్ నూనె, ఉల్లిపాయ వేసి ఇస్తారు. సిఫ్నోస్‌లో శనివారం రాత్రి మట్టికుండలో శనగలు పెట్టి పొయ్యిలో రాత్రంతా ఉడికించి ఆదివారం తింటారు. బియ్యం కూరిన టమాటాలు, పెద్ద చిక్కుడు గింజల కూర, ఉడికించిన ఆకుకూర మీద నిమ్మరసం ఎక్కడైనా దొరుకుతాయి. కారం మాత్రం ఉండదు, చిన్న సీసాలో కారప్పొడి తెచ్చుకోండి. ఓడలో వంటవాడికి మీ ఆహార నియమాలు బయల్దేరే ముందే కంపెనీ ద్వారా చెప్పించండి. దీవుల్లో సరుకులు అప్పటికప్పుడు దొరకవు.

7. ఓడెక్కాక

గట్టి సూట్‌కేసు వద్దు, మడిచి మంచం కింద పెట్టే బట్టసంచి తెచ్చుకోండి. డెక్ మీద మెత్తటి అడుగున్న చెప్పులు, రాళ్ళదారులకు పట్టున్న బూట్లు, సాయంత్రం గాలికి ఒక జాకెట్. నీళ్ళు పొదుపుగా వాడాలి, టాయిలెట్‌లో కాగితం వేయకూడదు.

రోజూ కెప్టెన్ మర్నాటి సంగతి చెబుతాడు. గాలి చూసి దీవి మార్చాడంటే వాదించకండి, కొత్త దీవిలో ఏముందో సిబ్బందిని అడగండి. వాళ్ళకు ఏ వీధిలో రొట్టె బాగుంటుందో కూడా తెలుసు. దిగేటప్పుడు తిరిగి రావలసిన వేళ, ఓడ ఫోన్ నంబరు రాసుకోండి. ఆరు గంటలకు బయల్దేరుతుందంటే ఐదున్నరకల్లా రేవులో ఉండండి. ఆ అరగంటలో రేవు గట్టు మీద కూర్చుంటే, జాలర్లు వలలు సర్దుకోవడం కనిపిస్తుంది.