ఏపీ గవర్నమెంట్ క్లాసులో చేరబోతున్నారా? ఈ వేసవిలో కేసులు చదవండి

ఈ మధ్యే అమెరికా వచ్చి, ఆగస్టులో లెవెన్త్‌లోనో ట్వెల్త్‌లోనో చేరబోతున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నాలుగు మాటలు. షెడ్యూల్లో ‘ఏపీ యూఎస్ గవర్నమెంట్ అండ్ పాలిటిక్స్’ అని కనబడగానే (ఈ ఏపీ మన ఆంధ్రప్రదేశ్ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. సివిక్సే కదా, టెన్త్‌లో సోషల్‌కి ఏ వన్ వచ్చింది కదా అని ధీమా. మా పిన్ని కొడుకుదీ అదే ధీమా. మొదటి టెస్టు పేపరు పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు చూద్దును కదా, కాంగ్రెస్‌లో మెజారిటీ పోతే ప్రెసిడెంట్ రాజీనామా చెయ్యాలని రాసి ఉంది.

వాడు తెలివితక్కువవాడేం కాదు. మన రాజ్యాంగం బాగా వచ్చు, దాన్నే తెచ్చి ఇక్కడ అతికించాడు. నేను వచ్చిన కొత్తలో నాకు ఇంకో ఇబ్బంది ఉండేది. పక్కన కూర్చున్న పిల్లలందరూ ఎలిమెంటరీ నుంచీ ఫిలడెల్ఫియా (అమెరికా రాజ్యాంగం రాసిన ఊరు), మాడిసన్ (దాన్ని రాసినవాళ్లలో ముఖ్యుడు) అంటూ వింటూ పెరిగినవాళ్లు. టీచరు ‘మీకు తెలిసిందేగా’ అని ముందుకు వెళ్లిపోయేవారు. ఏది తెలియాలో కూడా తెలియని నేను తల ఊపుతూ కూర్చునేవాణ్ణి. వేసవి ఉన్నది ఈ లోటు పూడ్చుకోవడానికే.

ముందు మీకు తెలిసినదాన్నీ ఇక్కడిదాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. మన దగ్గర మంత్రులు చట్టసభలో ఉండాలి, ఇక్కడ కేబినెట్ సెక్రటరీ కాంగ్రెస్ సభ్యుడిగా ఉండకూడదు. 1985 ఫిరాయింపుల నిరోధక చట్టం వల్ల మన ఎంపీ విప్ ధిక్కరిస్తే సీటుకే ఎసరు, ఇక్కడ సొంత పార్టీకి ఎదురు ఓటేసినా సీటు పోదు. మన గవర్నర్‌ని కేంద్రం పంపిస్తుంది, ఇక్కడ జనం ఎన్నుకుంటారు. ఫెడరలిజం, అంటే కేంద్రానికీ రాష్ట్రాలకీ మధ్య అధికారాల పంపకం, అర్థం కావాలంటే తెలంగాణ సంగతి గుర్తు చేసుకోండి. 2014 జనవరిలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును తిరస్కరించింది. అయినా ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న రాష్ట్రం ఏర్పడింది. మన మూడో ఆర్టికల్ ప్రకారం రాష్ట్రం అభిప్రాయం అడగాలి, ఒప్పుకోవాలని లేదు. ఇక్కడ అలా కుదరదు. ఒక రాష్ట్రంలోంచి ఇంకో రాష్ట్రాన్ని విడదీయాలంటే కాంగ్రెస్‌తో పాటు ఆ రాష్ట్ర శాసనసభ కూడా ఒప్పుకోవాలి. ఈ తేడా ఎందుకొచ్చిందో మీ ఇంట్లోవాళ్లకు చెప్పగలిగితే మొదటి యూనిట్‌లో సగం వచ్చేసినట్టే.

అమెరికా రాజ్యాంగాన్ని ఒకసారి పూర్తిగా చదవండి. ఏడు ఆర్టికల్స్, ఇరవై ఏడు సవరణలు, అంతే. మనదాంతో పోలిస్తే కరపత్రం. తప్పనిసరి డాక్యుమెంట్లు మొత్తం తొమ్మిది. వాటిలో ఫెడరలిస్ట్ 10, 51, 70, 78 (కొత్త రాజ్యాంగాన్ని సమర్థిస్తూ రాసిన వ్యాసాలు), బ్రూటస్ 1 (దాన్ని వ్యతిరేకించిన వ్యాసం) పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషులో విసిగిస్తాయి. పైకి చదివితే కాస్త లొంగుతాయి. ఖాన్ అకాడమీ వీడియోలు ఉచితమే, మంచివే, కానీ అసలు పాఠం చదివాకే వాటి దగ్గరికి వెళ్లండి.

ఇక అసలు నా బాధ కేసులు. సిలబస్‌లో తప్పనిసరి సుప్రీంకోర్టు కేసులు పద్నాలుగు, 1803 నాటి మార్బరీ నుంచి 2010 నాటి సిటిజన్స్ యునైటెడ్ దాకా. మనవాళ్లు చేసే మొదటి పని పేరు ఒకవైపు, సంవత్సరం ఇంకోవైపు రాసి కార్డులు చేసుకుని బట్టీ కొట్టడం. సంవత్సరం ఎవడడిగాడండీ? పరీక్షలో మూడో రాత ప్రశ్న మీరెప్పుడూ వినని కేసు ఒకటి ఇచ్చి, దాన్ని ఈ పద్నాలుగులో ఒకదానితో పోల్చమంటుంది. రెండిట్లో ఉన్న రాజ్యాంగ క్లాజ్ ఏది, తీర్పులు ఎందుకు కలిశాయి లేదా ఎందుకు వేరయ్యాయి అన్నది చెప్పాలి. కార్డు మీది 1995 అక్కడ ఎందుకూ పనికిరాదు.

1995 అన్నాను కాబట్టి లోపెజ్ కేసే చూద్దాం. టెక్సాస్‌లోని సాన్ ఆంటోనియోలో ట్వెల్త్ గ్రేడ్ కుర్రాడు బడికి తుపాకీ తెచ్చాడు. బడి పరిసరాల్లో తుపాకులు ఉండకూడదన్న 1990 నాటి ఫెడరల్ చట్టం కింద కేసు పెట్టారు. ఆ చట్టం చెల్లదని కోర్టు అయిదు-నాలుగుతో తేల్చింది. మెక్‌డొనాల్డ్ కేసు 2010లో వచ్చింది, షికాగోలో చేతి తుపాకులపై ఉన్న నిషేధం గురించి. రెండిట్లోనూ తుపాకీ ఉంది కదా అని మావాడు రెండిటినీ ఒకే గాటన కట్టేశాడు. లోపెజ్ తుపాకీ హక్కు కేసు కానే కాదు. వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం పేరుతో కాంగ్రెస్ బడి ఆవరణలోకి రావచ్చా అన్నది అక్కడి ప్రశ్న, రాకూడదన్నది జవాబు. దాని పక్కన పెట్టాల్సింది 1819 నాటి మెకల్లక్‌ని, ఫెడరల్ బ్యాంకు మీద మేరీల్యాండ్ రాష్ట్రం పన్ను వేసిన కేసుని. అందులో ఫెడరల్ అధికారం గెలిచింది, లోపెజ్‌లో ఓడింది. మెక్‌డొనాల్డ్‌లో మాత్రం తుపాకీ హక్కునిచ్చే రెండో సవరణ పద్నాలుగో సవరణ ద్వారా రాష్ట్రాలకూ వర్తిస్తుందన్నారు. అది వేరే యూనిట్, వేరే గొడవ.

ఎంగెల్, యోడర్ కేసులు కూడా ఇంతే. రెండూ మతం గురించే. ఎంగెల్‌లో, న్యూయార్క్‌లో అధికారులు ఒక చిన్న ప్రార్థన రాసి బడుల్లో చదివించారు, ఇష్టం లేనివాళ్లు మానేయొచ్చన్నారు. అయినా 1962లో కోర్టు వద్దంది. రోజూ అసెంబ్లీలో ప్రార్థన చేసి వచ్చిన మనకు ఇందులో తప్పేముందో వెంటనే తట్టదు. ప్రభుత్వం మతాన్ని నెలకొల్పకూడదనే ఎస్టాబ్లిష్‌మెంట్ క్లాజ్ అడ్డొచ్చింది. యోడర్‌లో ఆమిష్ (పాతకాలపు పద్ధతుల్లో బతికే ఒక క్రైస్తవ వర్గం) తల్లిదండ్రులు ఎనిమిదో తరగతి తర్వాత పిల్లల్ని బడి మాన్పించారు, 1972లో కోర్టు సరేనంది. అక్కడ పనిచేసింది తన మతాన్ని ఆచరించుకునే స్వేచ్ఛనిచ్చే ఫ్రీ ఎక్సర్‌సైజ్ క్లాజ్. ఒకటి ప్రభుత్వం చేసిన పని గురించి, రెండోది మనిషి ఆచరణకు ప్రభుత్వం అడ్డురావడం గురించి. ఈ ముక్క తెలిస్తే కొత్త కేసు ఏదిచ్చినా దారి దొరుకుతుంది.

ఒక్కో కేసుకీ అరపేజీ చాలు. ఏం జరిగింది, ఏ క్లాజ్, కోర్టు ఏమంది, ఎందుకంది. ‘ఎందుకంది’ దగ్గరే ఎక్కువసేపు కూర్చోండి. 1969 నాటి టింకర్ కేసులో వియత్నాం యుద్ధానికి నిరసనగా పిల్లలు చేతికి నల్ల బ్యాండ్లు కట్టుకున్నారు, పాఠాలకు పెద్దగా ఆటంకం కలగలేదు కాబట్టి గెలిచారు. ఇప్పుడు సిలబస్‌లో లేని బార్నెట్ కేసు తీసుకోండి. 1943లో వెస్ట్ వర్జీనియాలో జెండాకు వందనం చెయ్యమని పిల్లల్ని బలవంతపెట్టకూడదన్నారు. రెండిటినీ పోలుస్తూ టైము పెట్టుకుని రాయండి, ఇరవై నిమిషాలు. పనిలో పనిగా ఇంకో విషయం. రోజూ ఉదయం బడిలో ప్లెడ్జ్ (అమెరికా జెండాకు చేసే ప్రతిజ్ఞ) వినిపించినప్పుడు ఏం చెయ్యాలా అని దిక్కులు చూస్తారు కొత్తవాళ్లు. బార్నెట్ చదివితే ఆ టెన్షన్ కూడా పోతుంది. కేరళలో జాతీయగీతం పాడని ముగ్గురు పిల్లల్ని బడి నుంచి తీసేస్తే మన సుప్రీంకోర్టు 1986లో ఇలాంటి తీర్పే ఇచ్చింది. సరదాగా చదవండి. పరీక్షలో మాత్రం రాయకండి బాబూ.

జూన్ చివర్లో సుప్రీంకోర్టు పెద్ద తీర్పులు వరసగా వస్తాయి. ఒకటి ఎంచుకుని, మొదట్లో ఉండే సారాంశం చదివి, పద్నాలుగులో దీనికి చుట్టమెవరో వెతకండి.

పరీక్షలో రాయాల్సిన వ్యాసం గురించి ఒక్క మాట. ‘లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి’ అని మనం అలవాటుగా ముగిస్తాం. ఇక్కడ ఒక పక్షం తీసుకోవాల్సిందే. అవతలి వాదాన్ని తర్వాత ప్రస్తావించి జవాబివ్వాలి.

అమ్మానాన్నలకు: దీనికి కోచింగ్ ఎక్కడుందని వెతక్కండి. లావుపాటి గైడు కూడా ఇప్పుడే కొనక్కర్లేదు.

సరే, భయపెట్టింది చాల్లెండి. గ్రాఫు, పట్టిక ఇచ్చి అడిగే ప్రశ్న ఒకటుంటుంది, అది మీరు బాగానే చేస్తారు. ఇంగ్లీషు సొగసుకు విడిగా మార్కులేం లేవు, చెప్పదలచింది తెలిస్తే చాలు. మావాడు కూడా మే పరీక్షలో అయిదుకి నాలుగు తెచ్చుకున్నాడు, వాడి బద్ధకానికి అది ఎక్కువే.

బడి తెరవకముందే కౌన్సిలర్‌ని ఒకటి అడగండి. ఈ క్లాసు మీ బడిలో ఏడాదంతానా, ఒక్క సెమిస్టరేనా? డిసెంబర్‌తో అయిపోయేదైతే పరీక్షకు మధ్యలో నాలుగు నెలల పైనే ఖాళీ. వేసవిలో రాసుకున్న ఆ అరపేజీలు పారేయకండి.