హార్మోనియం మెట్టు మొండికేస్తే

సురభి నాటక సమాజం 1885లో పుట్టింది కడప జిల్లాలోనే. మన రాయలసీమలో పద్యం మీద మోజు ఇప్పటికీ తగ్గలేదు. అందుకే భజన గుళ్లలో, పాత ఇళ్లలో హార్మోనియం పెట్టెలు ఇంకా పలుకుతున్నాయి. ఒక మెట్టు సరిగా పలకకపోతే చాలామంది వెంటనే "రీడు పోయింది" అనేస్తారు. గాలికి కంపించి పలికే సన్నటి ఇత్తడి నాలుకే రీడు. చాలాసార్లు తప్పు దానిది కాదు. మెట్టు కింద చేరిన దుమ్ముదో, కొయ్యకు పట్టిన తేమదో అయి ఉంటుంది. రీడు జోలికి అన్నిటికన్నా చివర వెళ్లండి.

మెట్టు ముందు కొన నొక్కితే వెనక కొన లేస్తుంది. ఆ వెనక కొన అడుగున ఫెల్టు, తోలు అతికించి ఉంటాయి. గాలి రంధ్రాన్ని మూసి ఉంచేవి అవే. వాటిని రంధ్రం మీద అదిమి పట్టేది స్ప్రింగు. రంధ్రం తెరుచుకుంటే గాలి రీడు గుండా పోయి నాదం వస్తుంది. ఈ సంగతి తెలిస్తే సగం రిపేరు అయినట్టే.

పెట్టె విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీసుకోండి. తీసిన ప్రతి మెట్టు వెనకా పెన్సిల్‌తో నంబరు వేయండి. చూడ్డానికి ఒకేలా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి సరిగా కూర్చోదు.

నొక్కకుండానే మోగుతోంది

తిత్తి ఊదగానే ఏదో ఒక స్వరం సన్నగా మోగుతూనే ఉంటుంది. పాడేవాళ్లకు ఇంతకన్నా టెన్షన్ ఇంకోటి ఉండదు. తిత్తి ఊదుతూ ఆ మెట్టు వెనక కొనను వేలితో మెల్లగా అదమండి. మోత ఆగిందంటే రంధ్రం సరిగా మూసుకోవడం లేదన్నమాట.

మొదటి అనుమానం దుమ్ము మీదే. ఆషాఢం గాలికి అనంతపురం వైపు మూసిన తలుపుల్లోంచి కూడా మట్టి వస్తుంది. తాడిపత్రి లాంటి చోట బండలు పాలిష్ చేసే యూనిట్లు దగ్గరుంటే ఆ తెల్లటి పొడి ఇంకా సన్నం, తోలు మీద పొరలా పేరుకుంటుంది. మెత్తటి కుంచెతో తోలునూ రంధ్రం అంచునూ శుభ్రం చేయండి. నోటితో ఊదకండి, తడి చేరుతుంది, పైగా దుమ్ము రీడులోకి పోతుంది.

దుమ్ము లేకపోయినా మోగుతుంటే తోలు చూడండి. గట్టిపడి రంధ్రం అచ్చు లోతుగా పడి ఉంటే పాతది గీకేసి, అంతే మందం ఉన్న కొత్త ఫెల్టు, తోలు అతికించాలి. మందం తేడా వస్తే మెట్టు పక్కవాటికన్నా ఎత్తుగానో పల్లంగానో నిలబడుతుంది. తోలు బాగుంటే స్ప్రింగు నీరసించినట్టు. దాన్ని కాస్త వంచి బిగువు పెంచవచ్చు. మరీ పెంచితే ఆ ఒక్క మెట్టే బరువుగా ఉండి వేళ్లు తడబడతాయి.

నొక్కితే తిరిగి పైకి లేవడం లేదు

ఇది ఎక్కువగా వానాకాలం జబ్బు. ఏప్రిల్, మే ఎండలకు కుంచించుకుపోయిన కొయ్య జులై దాటాక తేమ పీల్చి ఉబ్బుతుంది, మెట్టు పక్కదాన్ని ఒరుసుకుంటుంది. అయితే ముందు సందుల్లో టార్చి వేసి చూడండి. అక్షింతల బియ్యం, హారతి పళ్లెంలోంచి జారిన రూపాయి బిళ్ల దొరికినా ఆశ్చర్యం లేదు. పాత శుభలేఖ అట్ట సన్నగా కత్తిరించి సందులో ఆడిస్తే పైకి వస్తాయి.

ఏమీ లేకపోతే మెట్టు తీసి పక్కలు చూడండి. ఒరుసుకున్న చోట నున్నగా మెరుస్తుంది. అక్కడ మాత్రమే 320 నంబరు ఉప్పుకాగితంతో రెండు మూడు సార్లు రుద్ది, పెట్టి చూడండి. మళ్లీ ఎండాకాలం వస్తుంది, ఎక్కువ అరగదీస్తే అప్పుడు మెట్టు అటూ ఇటూ ఊగుతుంది. మెట్టును నిలిపి ఉంచే మేకు దగ్గర పట్టేస్తుంటే పెన్సిల్ ములుకు పొడి రాయండి. కొబ్బరినూనె, కుట్టుమిషన్ నూనె ఎంత మాత్రం వద్దు. అవి దుమ్మును పట్టుకుంటాయి, ఫెల్టులోకి ఇంకుతాయి.

ఒకటి నొక్కితే రెండు పలుకుతున్నాయి

కప్లర్ ఉన్న పెట్టె అయితే ముందు దాన్ని ఆపి చూడండి. పై స్థాయి లేదా కింది స్థాయి మెట్టును కలిపి లాగడమే దాని పని. పక్క మెట్టే కదులుతుంటే మాత్రం అది ఒరిపిడి, పైన చెప్పిన వైద్యమే.

మెట్ల మీద మరకలు

విభూది, పసుపు, కర్పూరం మసి, చెమట జిడ్డు. గుడ్డకు రెండు చుక్కల సబ్బునీళ్లు పట్టించి, గట్టిగా పిండి, వెనక నుంచి ముందుకు తుడవండి. అడ్డంగా తుడిస్తే తడి సందుల్లోకి పోతుంది. నల్ల మెట్లకు వేరే గుడ్డ వాడండి. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్, శానిటైజర్ తగిలితే ప్లాస్టిక్ మసకబారుతుంది. పసుపు మరక పోవాలని పెట్టెను ఎండలో పెట్టకండి, కొయ్య వంకర పోతుంది.

నొక్కినా పలకడం లేదు

ఇప్పుడే రీడు వంతు. నాలుక కింద వెంట్రుకో నలుసో ఇరుక్కుని ఉండవచ్చు. నాలుక కొనను గుండుసూదితో వెంట్రుకవాసి లేపి, పలుచటి కాగితం జొనిపి మెల్లగా లాగండి. గీకకండి, ఆకురాయి అసలు పెట్టకండి. ఇత్తడి కొన దగ్గర అరిగితే శృతి పెరుగుతుంది, మొదలు దగ్గర అరిగితే తగ్గుతుంది. నాలుక మీద సన్నటి చీలిక కనిపిస్తే శుభ్రం చేసి లాభం లేదు. అదే స్వరం రీడు తెప్పించి, శృతి చేసేవారి చేత వేయించుకోండి.